పులాస్కీ గొడ్డలి

పాత పనిముట్లు సేకరించేవాళ్లలో కొందరి కంటికి మామూలు గొడ్డలి ఆనదు. ఒకే కామకి నరికే అంచూ తవ్వే అంచూ రెండూ ఉండాలి. అది సైన్యంలోనో అడవిలోనో బాగా నలిగినదై ఉండాలి. తుప్పు తోమితే కింద చేసినవాళ్ల ముద్ర బయటపడాలి. అమెరికా సైన్యం తన బండ్లలో పెట్టుకు తిరిగిన 'మాక్స్' అనే సరంజామా దొరికితే వాళ్లకి పండగే. అందులో గొడ్డలి ఒకటే. దాని తలకి పార, పలుగు, దంతె లాంటి ముక్కలు తొడిగి పిన్నుతో బిగించుకోవచ్చు. గొడ్డలితో కలిపి ఏడు పనిముట్లు, మోయాల్సింది ఒక్క సంచి.

ఒక్క కామతో నాలుగు పనులు చక్కబెట్టాలన్న కోరిక సైనికుడికి చాలా పాతది. రోమన్ సైనికులు 'డోలాబ్రా' అనే పనిముట్టు మోసేవాళ్లు. దానికి ఒక పక్క గొడ్డలి, రెండో పక్క పలుగు మొన. రోజంతా నడిచి, సాయంత్రానికి కందకం తవ్వి, గట్టు పోసి, గుంజలు పాతి శిబిరం వేసుకోవాల్సిన సైన్యం అది. కత్తి కంటే డోలాబ్రాతోనే వాళ్లకి ఎక్కువ పని పడేది. శత్రువును గెలవాల్సింది డోలాబ్రాతోనే అని ఒకటో శతాబ్దపు సేనాని కార్బులో అనేవాడని రోమన్ రచయితలు రాసిపెట్టారు. క్రీ.శ. 21లో గాల్ దేశంలో తిరుగుబాటు జరిగినప్పుడు, తలనుంచి కాలిదాకా ఇనుప కవచం తొడుక్కున్న గ్లాడియేటర్లు ఎదురుపడ్డారు. వాళ్ల మీద కత్తులు దిగలేదు. అప్పుడు సైనికులు గొడ్డళ్లూ డోలాబ్రాలూ అందుకుని గోడ పగలగొట్టినట్టు ఆ ఇనుమును పగలగొట్టారు. ఆ గొడ్డలి అంచుకి తొడిగే కంచు తొడుగులు పాత శిబిరాల తవ్వకాల్లో ఇప్పటికీ దొరుకుతున్నాయి.

అయితే ఈ జాతి పనిముట్లలో ఇవాళ బాగా వాడుకలో ఉన్న ఒకటి సైన్యం చేయించింది కాదు. అమెరికాలో ఐడహో రాష్ట్రం, వాలెస్ అనే గనుల ఊరు. ఆ ఊళ్లో చూపు దెబ్బతిన్న ఒక అటవీ ఉద్యోగి తన ఇంటి కొలిమిలో దానికి రూపు దిద్దాడు. దాన్ని ఆయన ఇంటిపేరుతోనే పిలుస్తారు: పులాస్కీ.

ఎడ్వర్డ్ క్రాకెట్ పులాస్కీ 1866లో ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ప్రాణాలిచ్చిన పోలండ్ సేనాని కాజిమీర్ పులాస్కీ తమ వంశంవాడేనని ఆ ఇంట్లో చెప్పుకునేవారు. ఎడ్వర్డ్‌కి చదువు వంటబట్టలేదు. పదహారేళ్ల వయసుకే ఇల్లు వదిలి పడమటి కొండల దారి పట్టాడు. గనుల్లో దిగాడు, రైలు మార్గాల్లో పనిచేశాడు, పశువుల కొట్టాలు చూసుకున్నాడు. కమ్మరం, వడ్రంగం, గొట్టాలు బిగించే పని, అన్నీ చేతికి పట్టుబడ్డాయి. నలభై దాటాక, 1908లో, అమెరికా అటవీ శాఖలో రేంజర్‌గా చేరాడు. ఆ శాఖ అప్పటికి పుట్టి మూడేళ్లే. అందులో చాలామంది అటవీశాస్త్రం చదువుకు వచ్చిన కుర్రాళ్లు. ఆరడుగుల పైచిలుకు ఎత్తుతో, కొండల్లో పాతికేళ్లు తిరిగిన పులాస్కీ వాళ్ల మధ్య పెద్దదిక్కులా ఉండేవాడు.

అడవికి నిప్పంటుకుంటే ఆ కొండల్లో నీళ్లతో ఆర్పే మాట లేదు. పంపుల్లేవు, బాటల్లేవు, చెప్పుకోదగ్గ మనుషులూ లేరు. మంటకి మేత లేకుండా చేయడం ఒక్కటే దారి. మంట వచ్చే వైపు ముందుగానే ఒక బాట గీయాలి. ఆ బాటలో పడ్డ కొమ్మలు నరకాలి, పొదలు కొట్టాలి, ఎండుటాకుల పొర లాగేయాలి, వేళ్లు తెంపాలి, మండే గుణమున్న పై మట్టినంతా గీకి కింద ఉన్న వట్టి మన్ను బయటపెట్టాలి. మంట అక్కడిదాకా వచ్చి తినడానికేమీ లేక ఆగాలి. చెప్పడానికి ఇంతే. పట్టుకుని చేస్తే చాలా నెమ్మదిగా సాగే పని.

కష్టమంతా ఇక్కడే ఉంది. కొమ్మకీ వేరుకీ గొడ్డలి కావాలి. ఆకుల పొరకీ మట్టికీ మ్యాటక్ కావాలి. మ్యాటక్ అంటే కామకి అడ్డంగా, వడ్రంగి బాడిసలాగా అంచు ఉండే తవ్వుడు పనిముట్టు. రెండూ బరువే, రెంటికీ పొడుగాటి కామలే. కంచరగాడిదల వీపున వేసి కొన దాకా తీసుకెళ్లినా, పొగలో నిలబడి పనిచేసే మనిషికి చేతులు రెండే. నాలుగు వేట్లు నరికి, గొడ్డలి కింద పడేసి, మ్యాటక్ అందుకుని, రెండు లాగుళ్లు లాగి, మళ్లీ వేరు అడ్డొస్తే మళ్లీ గొడ్డలి కోసం వెతుక్కోవాలి. లేదా ఒక్కో పనికి ఒక్కో మనిషిని పెట్టాలి. అన్ని మందిని పెట్టడానికి ఆ శాఖకి డబ్బెక్కడిది? అమెరికా కాంగ్రెస్‌లో ఆ శాఖంటే గిట్టనివాళ్లు చాలామందే ఉండేవాళ్లు, నిధులకి కోత పడుతూ వచ్చింది.

1910లో ఆ లోటు ఏమిటో ఊరూవాడా చూసింది.

ఆ ఏడు వసంతంలోనే వానలు మొహం చాటేశాయి. వేసవికి అడవి పెళపెళ్లాడింది. పిడుగుల వల్ల కొన్ని, రైలింజన్ల నిప్పురవ్వల వల్ల కొన్ని, ఇంకా రకరకాల కారణాల వల్ల కొన్ని, ఐడహో మోంటానా కొండల్లో వందల చోట్ల మంటలు లేచాయి. గనుల్లోంచి, ఊళ్లలోంచి, రైలు పెట్టెల్లోంచి దొరికినవాళ్లనల్లా తెచ్చి పనిలో పెట్టారు. వాళ్లలో చాలామంది అడవి మొహం ఎరగరు. ఆగస్టులో అధ్యక్షుడు టాఫ్ట్ సైన్యాన్ని కూడా పంపించాడు. అలా వచ్చినవాళ్లలో 25వ పదాతి దళానికి చెందిన నల్లజాతి సైనికులున్నారు. ఏవరీ అనే రైల్వే ఊరును, చుట్టూ ఎదురు మంట పెట్టి, కాపాడినవాళ్లు వాళ్లే. సైనికులకైనా కూలీలకైనా చేతుల్లో ఉన్నవి మాత్రం అవే గొడ్డళ్లు, పారలు, మ్యాటక్‌లు, రంపాలు.

ఆగస్టు 20, శనివారం. నైరుతి దిక్కునుంచి పెనుగాలి లేచింది. విడివిడిగా ఉన్న మంటలన్నీ ఒకటయ్యాయి. రెండు రోజుల్లో 30 లక్షల ఎకరాల అడవి కాలిపోయింది. వాలెస్ ఊళ్లో మూడో వంతు బూడిదైంది. 85 మంది చనిపోయారని లెక్క, అందులో 78 మంది మంట ఆర్పబోయినవాళ్లు.

గాలి లేచే సమయానికి పులాస్కీ వాలెస్‌కి దక్షిణాన కొండల్లో ఉన్నాడు. అక్కడక్కడ పనిచేస్తున్న మనుషుల్ని పోగుచేసుకుని ఊరి దారి పట్టించాడు. సుమారు 45 మంది. కాసేపటికి దారికి ముందూ వెనకా మంటే అయింది. ఆయనకి ఆ కొండల్లో ప్రతి గని గొయ్యీ తెలుసు. గనుల్లో తిరిగిన పాత రోజులు అక్కడ అక్కరకొచ్చాయి. తడిపిన గోనెపట్టా తలమీద కప్పుకుని ముందు ఒక్కడే వెళ్లి, ప్లేసర్ క్రీక్ వాగు పాయ పక్కన నికల్సన్ గని సొరంగం ఇంకా మంటకి చిక్కలేదని చూసి వచ్చాడు. అందరినీ అందులోకి తోలాడు. రెండు గుర్రాలు కూడా లోపలికి వచ్చాయి. వెనకబడిన ఒకడు దారిలోనే పోయాడు.

మనుషుల్ని బోర్లా పడుకోమని, ముఖాలు నేలకి ఆనించుకోమని చెప్పాడు. సొరంగం నోటికి తడి దుప్పట్లు వేలాడదీశాడు. అవి అంటుకున్నాయి. మళ్లీ కొత్తవి తడిపి కట్టాడు. సొరంగం నేల మీద సన్నగా నీళ్లు పారుతున్నాయి. ఆ నీళ్లని టోపీతో తోడి, అంటుకుంటున్న కర్ర దూలాల మీద చల్లుతూ నిలబడ్డాడు. పొగకి ఉక్కిరిబిక్కిరై కొందరు బయటికి ఉరకబోయారు. బయటికి వెళ్తే బూడిదే. పులాస్కీ తుపాకీ తీసి, మొదట కదిలినవాణ్ని కాల్చేస్తానన్నాడు. ఎవరూ కదలలేదు. చివరికి ఆయనే స్పృహ తప్పి సొరంగం నోటి దగ్గర పడిపోయాడు.

తెల్లవారుజామున ఐదింటి ప్రాంతంలో ఒక్కొక్కరే తేరుకున్నారు. బాస్ చనిపోయాడని ఎవరో అనడం ఆయన చెవిన పడింది. తాను ఇంకా పోలేదని గట్టిగానే జవాబిచ్చాడు. లెక్క చూసుకుంటే ఐదుగురు లోపలే చనిపోయారు. గుర్రాలూ బతకలేదు. మిగిలినవాళ్లు కాలిన చెప్పులతో, ఇంకా పొగలు కక్కుతున్న దుంగల మధ్య, పడుతూ లేస్తూ వాలెస్ చేరారు.

పులాస్కీ రెండు నెలల దాకా ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక కన్ను పోయింది, ఊపిరితిత్తులు చెడ్డాయి. వైద్యానికి సాయం చేయమని, చనిపోయినవాళ్ల సమాధులకి ఒక గుర్తు పెట్టించమని ఎన్నోసార్లు పైవాళ్లని అడిగాడు. ఏళ్ల తరబడి తిప్పారు. ఆ సమాధుల్ని ఆయనే తుడిచి, కలుపు తీసి చూసుకునేవాడు. 1923లో ఆ రాత్రి అనుభవం వ్యాసంగా రాసి ఒక పత్రిక పోటీలో 500 డాలర్లు గెలుచుకున్నాడు. ఆ మంటల వల్ల ఆయన చేతికి వచ్చిన డబ్బు చెప్పుకోదగ్గది అదొక్కటే. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆయన పట్ల ఆ ప్రభుత్వం చేసింది అన్యాయం. మెత్తగా చెప్పడానికి ఇంకో మాట లేదు.

ఇంతకీ గొడ్డలి సంగతి. సొరంగంలోంచి బయటపడిన మనిషికి ఆ రాత్రే కొత్త పనిముట్టు ఊహ తట్టిందని, మర్నాడే కొలిమి ముట్టించాడని కథలు కథలుగా చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, అసలు జరిగింది ఇంకా బాగుంటుంది.

మొదటి ఆలోచన పులాస్కీది కాదు, మంటకి సంబంధించిందీ కాదు. కోర్ డలీన్ అడవులకి పై అధికారి విలియం వైగిల్. 1910 చివర్లోనో 1911 మొదట్లోనో ఆయనకి ఒక ఊహ వచ్చింది. మొక్కలు నాటే పనిలో అందరూ మ్యాటక్ వాడుతున్నారు. దాని బదులు గొడ్డలీ తవ్వుడు అంచూ కలిసిన పనిముట్టు ఒకటి ఉంటే ఎలా ఉంటుంది? జో హాల్మ్, ఎడ్ హోల్కమ్ అనే ఇద్దరు రేంజర్లని పిలిచి, అలాంటిదొకటి చేయించుకు రమ్మన్నాడు. ఎక్కడికి వెళ్లాలి? ఆ శాఖలో ఇంట్లో కొలిమి పెట్టుకున్నవాడు పులాస్కీ. ఆ ఇద్దరూ ఆయన కొలిమి దగ్గరే మొదటి నమూనా సాగగొట్టారు.

అది కుదరలేదు. నాటేవాళ్ల చేతికి ఇచ్చి చూశారు. మొక్క నాటడానికి మోటుగా ఉందని పక్కన పెట్టేశారు. వైగిల్ ఊహ అక్కడితో ఆగింది. ఎన్నో పనిముట్ల కథలు ఇలాగే ముగిసిపోతాయి. ఒక మూలన పడిన నమూనా, కొన్నాళ్లకి పాత ఇనుము కింద జమ.

పులాస్కీ మాత్రం దాన్ని వదల్లేదు. నాటడానికి పనికిరానిది మంటబాట గీయడానికి పనికొస్తుందని ఆయనకి తోచింది. తోచడానికి కారణం ఉంది. ఒక చేతి పనిముట్టు దించి ఇంకోటి అందుకునే లోపల మంట ఎంత దూరం వస్తుందో ఆయన కళ్లారా చూశాడు. పైగా ఆయన వట్టి అధికారి కాదు, కమ్మరి. ఏది ఎందుకు కుదరలేదో మాటల్లో కాదు, సమ్మెట చేతిలో పట్టుకుని ఆలోచించగలడు.

రెండు అంచులు ఒక తలకి అతికితే అయిపోయిందనుకుంటాం. కానీ గొడ్డలి బాగా నరకడమనేది దాని పదును వల్ల ఎంతో, బరువు పంపకం వల్ల అంత. కామ దూరే బెజ్జానికి అటూ ఇటూ బరువు సమంగా తూగాలి. తవ్వే వైపు పొడుగు పెంచితే మట్టిలోకి బాగా దిగుతుంది, కానీ గొడ్డలి ఎత్తినప్పుడు తల వెనక్కి లాగి చేతిలో మెలికపడుతుంది. వేటు ఏటవాలుగా పడుతుంది. పొట్టిగా ఉంచితే నరకడం హాయిగా ఉంటుంది, కానీ నేల గీకేటప్పుడు వంగి వంగి నడుం పోతుంది. గొడ్డలి అంచు పల్చగా, గట్టిగా ఉండాలి. తవ్వే అంచు రాయికి తగిలినా పెచ్చులూడకుండా కాస్త మొండిగా ఉండాలి. ఒకే ఇనుప తలలో ఈ రెండు గుణాలూ రావాలంటే ఎక్కడ ఎంత కాల్చాలి, ఎక్కడ ఎంత చల్లార్చాలి అనే లెక్క కంటితోనే తేల్చుకోవాలి. కొలిమిలో ఇనుము రంగు చూసి వేడి పోల్చుకునే కాలం అది. ఒంటికన్నుతో ఆ పని చేశాడన్నది నేను మరిచిపోలేని సంగతి.

గొడ్డలి పక్క పొడుగూ వెడల్పూ పెంచాడు. తవ్వే పక్కని కూడా మార్చాడు. చేసింది తన మనుషులకి ఇచ్చి అడవికి పంపడం, వాళ్లు తిరిగొచ్చి చెప్పింది వినడం, మళ్లీ కొలిమి. 1913 నాటికి తూకం కుదిరింది. ఒక పక్క పదునైన గొడ్డలి, రెండో పక్క కామకి అడ్డంగా బాడిస అంచు.

ఇవాళ వాడుకలో ఉన్న పులాస్కీ చూస్తే ఆ తూకం ఏమిటో తెలుస్తుంది. తల బరువు కిలోన్నర పైచిలుకు. కామ దాదాపు మూడడుగులు. కామ వంపులేని తిన్నని కర్ర. ఎందుకంటే దాన్ని ఏ వైపుకి తిప్పినా ఒకేలా పట్టు కుదరాలి. మంటబాట మీద మనిషి పనిచేసే తీరు దగ్గరగా చూడాలి. ముందు బాడిస అంచుతో ఎండుటాకుల పొరని తన వైపు లాగుతాడు. వేరు తగిలి అంచు ఆగుతుంది. పట్టు వదలకుండా కామని చేతుల్లోనే అర చుట్టు తిప్పుతాడు. ఇప్పుడు కింద ఉన్నది గొడ్డలి. ఒక్క వేటు, వేరు తెగుతుంది. మళ్లీ అర చుట్టు, మళ్లీ లాగుడు. కాలు కదపకుండా, నడుం ఎత్తకుండా, రెండు పనులూ ఒకే ఊపులో సాగిపోతాయి. పక్కనే ఇంకొకడు, కొన్ని అడుగుల ఎడంగా, అదే పని చేస్తూ ఉంటాడు. ఎడం తప్పనిసరి. ఒక అంచు మట్టిలో ఉన్నప్పుడు రెండోది గాల్లో ఉంటుంది మరి. అందుకే నడిచేటప్పుడు రెండు అంచులకీ తొడుగులు వేసి మరీ మోస్తారు.

అప్పటి అడవి మనుషులు తమ చేతుల నొప్పి తామే తీర్చుకోవాలని చూసిన కాలం అది. కాలిఫోర్నియాలో మాల్కమ్ మెక్లియోడ్ అనే రేంజర్ 1905లోనే పారనీ దంతెనీ కలిపి ఒక పనిముట్టు చేశాడు. అదీ ఆయన పేరుతోనే నిలిచింది. ఇప్పటికీ మంటబాట ముఠాలో ముందు పులాస్కీలవాళ్లు నరుకుతూ తవ్వుతూ వెళ్తే, వెనక మెక్లియోడ్‌లవాళ్లు చెత్త గీకి శుభ్రం చేస్తూ వస్తారు.

పులాస్కీ గొడ్డలి సంగతి నోటిమాటగా రేంజర్ నుంచి రేంజర్‌కి పాకింది. నాకొకటి, మాకు పది అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక ఇంటి కొలిమి ఎంతని సాగగొడుతుంది? 1920 నాటికి అటవీ శాఖ దాన్ని ఫ్యాక్టరీలో చేయించడం మొదలుపెట్టింది. 1930లలో, పని దొరకని కుర్రాళ్లని అడవుల్లో పనికి పెట్టిన సీసీసీ శిబిరాల కాలంలో, అది లక్షణంగా దేశమంతా తిరిగింది. పులాస్కీ అప్పటికి లేడు. 1931 ఫిబ్రవరిలో, 65 ఏళ్లు నిండబోతుండగా కన్నుమూశాడు.

ఆ తరవాత ఆ గొడ్డలి ఆకాశంలోంచి కూడా దిగింది. 1940 జులైలో ఐడహో అడవుల్లో ఒక మంట మీదికి ఇద్దరు మనుషులు మొదటిసారి పారాచూట్‌తో దూకారు. స్మోక్‌జంపర్లు అన్న పేరు అప్పటినుంచే. వాళ్ల వెనకే వదిలే సామాను మూటల్లో పులాస్కీ ఉండేది, ఇప్పటికీ ఉంటుంది. అదే ఏడు జూన్‌లో అమెరికా సైన్యం నుంచి మేజర్ విలియం లీ వచ్చి వాళ్ల శిక్షణ చూసి వెళ్లాడు. సైన్యపు పారాచూట్ దళాలకి ఆద్యుడు ఆయనే. 1945లో బదులు కూడా తీరింది. జపాన్ గాలిబుడగలకి కట్టి వదిలిన బాంబులు పడమటి అడవులకి నిప్పు పెడతాయన్న భయంతో 555వ పారాచూట్ దళాన్ని ఒరెగాన్‌లోని పెండిల్టన్‌కి పంపారు. అందరూ నల్లజాతి సైనికులే. అటవీ శాఖవాళ్లు వాళ్లకి అడవి మంటలతో పోరాడే పద్ధతులు నేర్పారు. ఆ వేసవిలో వాళ్లు మంటల మీదికి వెయ్యికి పైగా దూకుళ్లు దూకారు. 1910లో ఏవరీని కాపాడిన సైనికులని తలుచుకున్న ఎవరికైనా ఈ పరంపర గర్వంగా అనిపిస్తుంది.

ఇక్కడిదాకా వచ్చాక కథ ఒక మలుపు తిరుగుతుంది.

1876లో అమెరికా నూరేళ్ల పండగ చేసుకున్నప్పుడు ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన జరిగింది. మళ్లీ వందేళ్లకి, 1976లో, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం ఆ పాత ప్రదర్శనని తిరిగి నిలబెట్టింది. అందులో కనెక్టికట్ రాష్ట్రపు కాలిన్స్ కంపెనీ పనిముట్ల బల్ల ఒకటి. 1826లో మొదలైన ఈ కంపెనీ గొడ్డళ్లకీ మచ్చుకత్తులకీ లోకమంతా పేరు మోసింది. ఆ బల్ల మీద, నేల చదును చేయడానికి వాడే పనిముట్టుగా, ఒక పక్క గొడ్డలి ఇంకో పక్క అడ్డ అంచు ఉన్న తల ఒకటుంది. అడవి పని తెలిసినవాళ్లు దాన్ని చూసి నిర్ఘాంతపోయారు. అది అచ్చం పులాస్కీయే. పులాస్కీ పదేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పటిది. 1907లోనే ఇలాంటిది ఊరి కమ్మరితో చేయించుకున్నానని చెప్పుకున్న అటవీ ఉద్యోగి కూడా ఒకాయన ఉన్నాడు.

అయితే ఇది ఎవరిది? డోలాబ్రా మోసిన రోమన్ సైనికుడిదా, కాలిన్స్ కంపెనీదా, వైగిల్‌దా, మొదటి నమూనా సాగగొట్టిన హాల్మ్, హోల్కమ్‌లదా? నా మట్టుకు నాకు అనుమానం లేదు. రెండు అంచులు కలపాలన్న ఊహ ఎవరికైనా వస్తుంది, వచ్చింది కూడా. కాలిన్స్ తల బల్ల మీద ఉండిపోయింది, అడవి మంటకి దాన్ని ఎవరూ తీసుకెళ్లలేదు. వైగిల్ నమూనా నాటే పనిలో ఓడిపోయి మూలకి చేరింది. ఓడిపోయిన ఆ నమూనాని మూలనుంచి తీసి, అది అసలు ఏ పనికి పుట్టిందో కనిపెట్టి, మంట దగ్గర నిలబడిన మనిషి చేతిలో తూగేదాకా దాన్ని కాల్చి కొట్టినవాడు పులాస్కీ. వాడేవాళ్లు అందరూ కలిసి దానికి ఆ పేరు పెట్టుకున్నారంటే సరిగానే పెట్టుకున్నారు.

సేకరించేవాళ్లకి ఈ గొడవ ఇంకో రకంగా ముఖ్యం. పాత పులాస్కీ తల దొరికితే వాళ్లు ముందు ముద్ర చూస్తారు. కాలిన్స్, మ్యాన్, వారెన్, ప్లంబ్, కౌన్సిల్ లాంటి పేర్లు, ప్రభుత్వ సరఫరా విభాగపు 'ఎఫ్.ఎస్.ఎస్.' అక్షరాలు, వీటిని బట్టి దాని వయసూ పుట్టుకా పోల్చుకుంటారు. ఆ తరవాత చూసేది బాడిస అంచు పొడుగు. రాళ్లకి తగిలి మొద్దుబారిన ప్రతిసారీ ఆకురాయితో రాసి రాసి ఆ అంచు అరిగి పొట్టిదైపోతుంది. మంటబాట మీద ఏళ్లు గడిపిన పులాస్కీకి బాడిస పక్క సగమే మిగలడం మామూలు. అందుకే పాత ముద్ర ఉండి, అంచు నిండుగా ఉన్న తల అరుదు. కామ అసలుది ఉండటం ఇంకా అరుదు, విరిగిన కామ మార్చకుండా ఎవరూ పనిచేయరు. కొందరు అరగని తలనే కోరుకుంటారు. నేనైతే అరిగినదాని పక్షమే. అరిగినంత మేరా ఎక్కడో ఒక అడవి నిలబడి ఉంటుంది.

పులాస్కీ మనుషుల్ని దాచిన సొరంగం 1984లో అమెరికా చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. వాలెస్ ఊరి బయటనుంచి వాగు పక్కనే అక్కడిదాకా కాలిబాట వేశారు. అదే ఊళ్లో గనుల మ్యూజియం ఉంది. అందులో పులాస్కీ సొంతంగా వాడుకున్న గొడ్డలి భద్రంగా పెట్టారు. తల మీద ఆయన తన పేరు పొడి అక్షరాలు 'ఇ.పి.' అని పొడిచి ఉన్నాయి. ఆ తల తయారైంది కాలిన్స్ కంపెనీలో.